మా వీధి పటంలో తలుపులు తిరిగిన సంగతి

అప్పటికి మా వీధికి కుళాయి లేదు. వీధి మొగలో పంచాయతీ కుళాయి ఒకటి ఉండేది. అందరమూ అక్కడి నుంచే బిందెలు మోసేవాళ్ళం. ఇంట్లో బాలింత, పసిబిడ్డ ఉన్నప్పుడు ఎన్ని నీళ్ళు కావాలో మోసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ బిడ్డ తాగేది ఉగ్గుగిన్నెడు పాలు. వాడేది కాలవెడు నీళ్ళు.

ఊరికి కొత్త పైపులు వేస్తున్నారని విని వీధి ఆడవాళ్ళమంతా ఆటో కట్టించుకుని నరసరావుపేట వెళ్ళాం. ఇంజనీరు కుర్రవాడే. మర్యాదగా కూర్చోబెట్టి, గోడ మీది పాత పటం చూపించాడు. అందులో మా వీధి లేదు. ఉండాల్సిన చోట పత్తిచేను ఉంది.

"మీరు చేలో కాపురం ఉంటున్నారామ్మా?" అన్నాడు నవ్వుతూ.

"మేం కాపురాలు పెట్టి ముప్పై ఏళ్ళయింది సార్. మీ చేనే ఇంకా కోతకు రాలేదు," అంది మా పక్కింటి వదిన.

ఆయనకు కోపం రాలేదు. ఏ ఇల్లు ఎక్కడుందో, ఏ ఇంటి తలుపు ఎటుందో తెలిసేటట్టు ఒక పటం చేసి పెట్టుకోమన్నాడు. వచ్చే సోమవారం వచ్చి చూసుకుంటానన్నాడు. "తలుపు ఎటుంటే కుళాయి అటు. అదే రూలు. మంగళవారం లిస్టు పైకి పోద్ది. అందులో లేకపోతే మళ్ళీ ఎప్పుడో నేను చెప్పలేను," అన్నాడు.

మా అమ్మాయి హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తుంది. కంప్యూటర్లో పటాలు చేయడమే దాని పని. తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. సంగతి చెబితే, "అదెంత పనమ్మా, నేను చేసి పెడతా," అంది. నా ఫోన్లో ఏదో పెట్టి ఇచ్చింది. నేను ప్రతి ఇంటి గడప దగ్గరా నిలబడి ఒక మీట నొక్కాలి. అంతే, ఆ తలుపు పటంలోకి ఎక్కుతుంది. ఎండలో గొడుగు వేసుకుని వీధంతా నొక్కుకుంటూ తిరిగాను. నేను ఇంటికి వచ్చేసరికి దానికి నొప్పులు మొదలయ్యాయి. తెల్లారేసరికి మనవరాలు పుట్టింది. పటం మధ్యలో ఆగింది.

మా ఇంట్లో బాలింత సంగతులన్నీ మా అత్త చూస్తుంది. ఆవిడ లెక్కలో బాలింత చెవుల్లో దూది పెట్టుకోవాలి, తలకు గుడ్డ కట్టుకోవాలి, వెల్లుల్లి కారంతో అన్నం తినాలి, అక్షరం వంక చూడకూడదు. చూస్తే కళ్ళు పోతాయి. కంప్యూటర్ వంక చూస్తే కళ్ళతో పాటు పాలు కూడా పోతాయి. ఈ రెండోది ఆవిడ అప్పటికప్పుడు చేర్చుకుంది.

"నాయనమ్మా, ఒక్క గంట చూసుకుంటానే. పనాగిపోయింది," అని మా అమ్మాయి బతిమాలింది.

"ఒక్క గంటకే మీ తాత చెల్లెలికి చత్వారం వచ్చింది. గమ్మున పడుకో," అంది మా అత్త, మంచం కాళ్ళ దగ్గర పీట వేసుకుని కూర్చుంటూ.

ఇక మిగిలింది నేను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి నేర్చుకున్నాను. ముందు నా పేరు, తర్వాత బస్సు బోర్డులు, ఆ తర్వాత పేపరు. ఇంగ్లీషు అక్షరాలు మా అమ్మాయే ఫోన్లో నేర్పింది. మాటలు రావు, అక్షరాలు వచ్చు. ఏ అక్షరం చెప్పినా మీటల మీద వెతుక్కుని పట్టుకోగలను, కోళ్ళగూట్లో గుడ్డు వెతికినట్టు. అంచేత మా అమ్మాయి కళ్ళు మూసుకుని చెప్పడం, నేను కొట్టడం అని ఒప్పందం కుదిరింది. మా అత్త కూడా ఒప్పుకుంది. నా కళ్ళు పోతే ఎవరికీ నష్టం లేదు.

పటం ఉండే కంప్యూటర్ మా ఇంట్లో లేదు. బొంబాయిలో ఎక్కడో ఉన్నదాన్ని అద్దెకు తీసుకుందట. మా ముందున్న చిన్న కంప్యూటర్లోంచి దానికి పనులు పురమాయించాలి. పటం చేసే సరంజామా అంతా ఊరికే దొరుకుతుందనీ, చేసినవాళ్ళు దాన్ని ఎలా చేశారో కూడా అందరికీ చూపించేస్తారనీ మా అమ్మాయి చెప్పింది.

"ఊరికే ఎవరిస్తారే? పురుగు పట్టి ఉంటది," అంది మా అత్త.

"ఉంటాయి నాయనమ్మా పురుగులు. చూసినవాళ్ళు చూసినట్టు ఏరేస్తా ఉంటారు."

"బియ్యమేనన్నమాట," అని ఆవిడ తృప్తిపడింది.

నల్లటి తెర వచ్చింది. అందులో ఒక తెల్ల గీత రెప్పలార్పుతూ నా కోసం చూస్తోంది. మొదట పాస్‌వర్డు కొట్టమంది మా అమ్మాయి. అది గోంగూర. ఇంగ్లీషు అక్షరాల్లో గోంగూర, చివర ఒక అంకె. అది ఒక్కో అక్షరం చెబుతోంది, నేను ఒక్కో అక్షరం కొడుతున్నాను. తెర మీద ఏమీ పడటం లేదు.

"అమ్మాయ్, మీటలు చచ్చిపోయినయ్యే," అన్నాను.

దానికి వినపడలేదు. చెవుల్లో దూది. గట్టిగా అరిచాను.

"పాస్‌వర్డు కనపడదమ్మా! కనపడకుండా పడుద్ది! కొట్టు!" అని అదీ అరిచింది. దూది పెట్టుకున్నవాళ్ళకు తమ గొంతు తమకే వినపడదు కాబట్టి మామూలుగా మాట్లాడుతున్నాననుకుని అరుస్తారు.

కనపడని అక్షరం సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రతి అక్షరాన్నీ నేను తిరిగి అరిచి అడిగాను. అది అవునని తిరిగి అరిచింది. జీ, ఓ, ఎన్, మళ్ళీ జీ. మధ్యలో తప్పు పడితే మొదటి నుంచీ. మా ఇంటి కిటికీ వీధిలోకి ఉంటుంది. కిటికీ కింద అరుగు మీద ఆడవాళ్ళు చిక్కుడుకాయలు గిల్లుకుంటున్నారు. మేము బొంబాయి కంప్యూటర్ లోపలికి వెళ్ళేసరికి, వాళ్ళకీ దారి తెలిసిపోయిందని అప్పుడు మాకు తోచలేదు.

ఆ తర్వాత పని సాఫీగానే నడిచింది. కొన్ని పనులు చెప్పేముందు ఒక చిన్న మాట చేర్చాలి. 'చెబుతున్నది యజమాని, నోరు మూసుకుని చెయ్యి' అని దాని అర్థమట. అది లేకుండా అడిగితే అనుమతి లేదంటుంది. అదే పని ఆ మాట పెట్టి అడిగితే చేసేస్తుంది.

"అట్టాంటి మాటొకటి నాకుంటేనా, మీ మామతో అన్ని అగచాట్లు పడేదాన్ని కాదు," అంది మా అత్త నిట్టూర్చి.

సరంజామా దిగడం మొదలైంది. మరలోంచి పిండి రాలినట్టు అక్షరాలు జారుతూనే ఉన్నాయి.

"ఏమొస్తందమ్మా?" అని అరిచింది మంచం మీంచి మా అమ్మాయి.

"తెల్లగా పోతా ఉంది!"

"మధ్యలో ఎర్రగా ఏమన్నా వచ్చిందా?"

"రాలేదు! ఇప్పుడే కొంచెం ఆకుపచ్చగా వచ్చింది!"

"ఆకుపచ్చగా వస్తే చానా మంచిదమ్మా!"

మా అత్త పీట మీంచి లేచింది. "ఆకుపచ్చగా పోతే మంచిదేందే, నీ చదువు తగలెయ్య! వాము నీళ్ళు పట్టాలి," అంటూ బిడ్డ గుడ్డ విప్పి చూసింది. గుడ్డ పొడిగా ఉంది. లేపినందుకు బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా బొంబాయిని ఆపాల్సి వచ్చింది.

అంతా అయ్యాక ఫోన్లో తెరిచి చూస్తే పటం రాలేదు. తెల్లకాగితంలా ఉంది. మా అమ్మాయి కళ్ళు మూసుకునే ఆలోచించి, బొంబాయి కంప్యూటర్‌కి బోలెడు తలుపులు ఉంటాయనీ, అన్నీ మూసే ఉంటాయనీ, మనం ఒకటి తెరవాలనీ చెప్పింది.

"ఎటు వైపుదే?" అంది మా అత్త వెంటనే.

"వాటికి దిక్కుల్లేవు నాయనమ్మా."

"దిక్కులేనిది కొంపలోకి ఎందుకు తెచ్చినట్టు?"

తలుపు తెరిచాం. పటం వచ్చింది. మా వీధి వచ్చింది. చేను లేదు. ఇళ్ళు పెట్టెల్లా వరసగా ఉన్నాయి. ఒక్కో పెట్టెకీ ఒక చుక్క, అదే తలుపు. నేను గొడుగు వేసుకుని నొక్కిన చుక్కలవి. ఆ చుక్కల్లో మా గడప ఎక్కడుందో వెతుక్కుని చూసుకున్నాను. బస్సు బోర్డు మొదటిసారి చదివినప్పుడు కూడా అంత సంబరం కలగలేదు. ఎవరి ఇంటి వివరం వాళ్ళు సరిచూసుకోవచ్చని వీధి అందరి ఫోన్లకీ లింకు పంపించాను. చూడటం ఎవరైనా చూడొచ్చు, మార్చాలంటే మాత్రం నా పేరూ ఆ గోంగూర పాస్‌వర్డూ కొట్టాలి. పంపించి హాయిగా పడుకున్నాను.

ఇక్కడ మా వీధి గురించి ఒక మాట చెప్పాలి. మా వీధి తూర్పు పడమరలుగా ఉంటుంది. ఒక వరస ఇళ్ళు ఉత్తరం చూస్తాయి. వాళ్ళు అదృష్టవంతులు. రెండో వరస ఇళ్ళు దక్షిణం చూస్తాయి. వాళ్ళం మేము. దక్షిణం వాకిలి ఇంట్లో డబ్బు నిలవదని, పిల్లలకు సంబంధాలు కుదరవని ఒక మాట ఉంది. మేమెవరమూ ఆ మాట నమ్మం. నమ్మం కానీ ఎవరైనా అడిగితే, "ఎటైతే ఏందిలే," అని మాట మారుస్తాం.

మర్నాడు పొద్దున ఫోన్ తెరిచి చూస్తే మా వరసలో ఒక్క తలుపు కూడా వీధి వైపు లేదు. చుక్కలన్నీ ఇంటి వెనక్కి, ఉత్తరానికి వెళ్ళిపోయాయి. మా వెనక ఏముంది? పిడకల గోడ, గడ్డివాములు, ఆ వెనక పత్తిచేను.

పక్కింటి వదిన దగ్గరికి పరుగెత్తాను.

"నీ తలుపు వెనక్కి పోయిందేంది వదినా?"

"పోలేదు. నేనే తిప్పుకున్నా."

"లోపలికి ఎట్టా పోయావు?"

"ఎట్టాగేంది? జీ, ఓ, ఎన్, జీ. ఈది ఈదంతా వచ్చు. చిన్నపిల్లలు తొక్కుడుబిళ్ళ కూడా అది పాడుకుంటానే ఆడతన్నారు."

ఆవిడ సంగతి వేరే ఉంది. పిడుగురాళ్ళ వాళ్ళు ఆవిడ కొడుక్కి పిల్లనిస్తామని మాట కదిపారు. మీ సింహద్వారం ఎటని అడిగారు. ఉత్తరమేనని చెప్పి, నమ్మకం కుదరాలని పటం లింకు కూడా పంపేసింది. "నోటిమాటైతే అబద్ధమనుకుంటారు వదినా. కంప్యూటర్లో ఉంటే ఎవురు కాదంటారు?" అంది.

ఆవిడ తిప్పిందని ఆ పక్కవాళ్ళు తిప్పారు. వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు. ఒకావిడ ఇంకా కట్టని మేడ కట్టేసుకుంది. ఇంకొకావిడ తన ఈశాన్యానికి అడ్డమొస్తోందని పక్కవాళ్ళ స్నానాలగది చెరిపేసింది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మా చివరింటి అక్క ఈ దిక్కుల పిచ్చి చూసి ఎప్పుడూ నవ్వేది. ఆవిడ తలుపూ ఉత్తరానే ఉంది.

ఇంటికి వచ్చి చూసుకుంటే మాదీ తిరిగి ఉంది. మా ఆయన వంక చూశాను.

"నేనే జరిపా," అన్నాడు. "అందరూ ఉత్తరం పోతే మనమొక్కళ్ళమే దక్షిణం చూస్తా కూర్చుంటామా?"

తలుపు ఎటుంటే కుళాయి అటు అన్నాడు ఇంజనీరు. వెనక చేలోకి కుళాయి ఎవడు వేస్తాడు? ఆ మాట ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. అందరూ అవును అవునన్నారు. నేను కూర్చుని తలుపులన్నీ వెనక్కి, అంటే ముందుకు, తిప్పాను. అన్నం ఉడికేలోపు మళ్ళీ ఉత్తరం వెళ్ళాయి. మళ్ళీ తిప్పాను. కూర దించేలోపు మళ్ళీ వెళ్ళాయి. మిగిలినవాళ్ళు తిప్పుతారు కదా, నేనొక్కదాన్ని ఉత్తరాన ఉంటే ఇంజనీరుకి ఏం తెలుస్తుందిలే అని ప్రతివాళ్ళూ అనుకున్నారు.

"పాస్‌వర్డు మార్చేద్దామమ్మా," అంది మా అమ్మాయి. మార్చాం. ఈసారి పచ్చిపులుసు. మార్చడమంటే మళ్ళీ అది ఒక్కో అక్షరం చెప్పాలి, నేను అడగాలి. చెవిలో చెబుదామంటే చెవిలో దూది. రాసి ఇమ్మందామంటే రాస్తే కళ్ళు పోతాయి. దూది తీయడానికి చెయ్యి పెడితే మా అత్త నా చేతి మీద ఒక్కటేసింది. కిటికీ మూసి, ఫ్యాను పెద్దది చేసి, వీలైనంత మెల్లగా అరుచుకున్నాం. పని అయ్యాక కిటికీ తెరిస్తే, అరుగు మీంచి వదిన తల ఎత్తి, "చివర అంకె వినపడలేదు వదినా, ఏడా ఎనిమిదా?" అంది.

సోమవారం వచ్చింది. ఇంజనీరు మోటార్ సైకిల్ మీద వచ్చి, వీధిలో నిలబడి, ఫోన్లో పటం తెరిచాడు. వీధి వంక చూశాడు. ఫోన్ వంక చూశాడు. ఫోన్ తిప్పి పట్టుకుని చూశాడు. తర్వాత తనే అటు తిరిగి చూశాడు.

"అమ్మా, పటం చానా బాగుంది. కానీ ఈ వరసలో తలుపులన్నీ వెనకున్నాయే. అటు రోడ్డే లేదు. అవతలి వరసకి రాసుకుంటా. మీకు రాయలేను," అన్నాడు.

"ఎదురుగానే కనపడతన్నాయిగా సార్ తలుపులు!"

"నాకు కనపడితే సరిపోదమ్మా. పైవాళ్ళు చూసేది పటాన్నే. అయినా ఈ మార్పులన్నీ ఒక్క పేరు మీదే ఉన్నాయి. ఇదెవరు?"

వీధి అంతా నా వైపు చూసింది. లోపలికి వెళ్ళింది ఎవరైనా, వెళ్ళింది నా పేరుతోనే కదా.

"మీరు వాస్తు చెప్తారామ్మా?" అన్నాడాయన చాలా గౌరవంగా.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన నవ్వకుండా ఉండటానికి హెల్మెట్ తుడుచుకున్నాడు. తను ఇంటింటి ముందూ ఆగుతాడట, తలుపు ఎటో ఆ ఇంటివాళ్ళే నోటితో చెప్పాలి, నేను అక్కడికక్కడ పటంలో మార్చాలి, ఆయన వెంటనే రాసుకుంటాడు. ఇంకో అవకాశం లేదన్నాడు.

మొదటిది మా ఇల్లు. మా ఆయన ఆకాశంలోకి చూశాడు. మబ్బు కూడా లేదు, చూడటానికి. "దక్షిణం," అన్నాడు ఆముదం మింగినట్టు. నేను చుక్క జరిపాను. లోపలి మంచం మీంచి మా అమ్మాయి, "సేవ్ నొక్కావా అమ్మా!" అని అరిచింది. నొక్కానని అరిచాను.

మొదటివాళ్ళు అనేస్తే తర్వాతివాళ్ళకు తేలిక. దక్షిణం, దక్షిణం, దక్షిణం. మేడ కూలింది. స్నానాలగది లేచింది. చివరింటి అక్క, "మాకు దిక్కుల పట్టింపు లేదు సార్, గాలి కోసమని అటు పెట్టుకున్నాం," అంది.

"పటంలోకి గాలొచ్చుద్దామ్మా?" అన్నాడాయన.

"దక్షిణమే రాసుకో బాబూ," అంది.

మిగిలింది వదిన. మూసి ఉందని ఇందాక దాటి వచ్చిన ఆవిడ ఇంటి ముందు తలుపు ఇంకా మూసే ఉంది. గడప దగ్గర ముగ్గు లేదు. పిలిస్తే ఇంటి వెనక నుంచి పలికింది. గడ్డివామి పక్కగా, పేడ తప్పించుకుంటూ, ఇంజనీరు ముందు, నేను వెనక, వీధి మొత్తం మా వెనక వెళ్ళాం. వెనక గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టి ఉంది. పిడకల గోడకీ గుమ్మానికీ మధ్య మంచం పట్టేంత చోటులో పెద్ద ముగ్గు వేసి ఉంది. మధ్యలో గేదె పడుకుని ఉంది. వదిన కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇదేనామ్మా మీ సింహద్వారం?"

"ఇదే బాబూ. ఉత్తరం."

"మరి అటు ఉన్నదేంది?"

"అది పెరటి తలుపు."

గేదె తోక విసిరింది. ఎవరో నవ్వబోయి దగ్గారు. ఇంజనీరు పుస్తకం మూశాడు. "అట్టాగైతే మీ కుళాయి ఇక్కడికే రావాలమ్మా. ఇక్కడికి పైపు రాదు. మీ ఇల్లు వదిలేస్తన్నా," అన్నాడు.

వదిన ముఖం చూశాను. ఇద్దరమూ ఒకే ఏడు కాపురానికి వచ్చాం. ఆ ఏటి నుంచీ మొగలో కుళాయి దగ్గర ఒకళ్ళ బిందె ఒకళ్ళం ఎత్తిపెడుతున్నాం. నా చేతిలో ఫోన్ ఉంది. చుక్క జరపడానికి వేలు లాగుతోంది. కానీ ఆయన వాళ్ళే చెప్పాలన్నాడు.

"వదినా, నేను ఇంట్లో పంపు తిప్పుకుంటా ఉంటే, నువ్వు నా వాకిట్లో బిందె పట్టుకుని నిలబడతావా?" అన్నాను.

ఆ మాట ఆవిడకు ఎక్కడో తగిలింది. పిడుగురాళ్ళ వైపు ఒకసారి చూసింది. ఇక్కడి నుంచి పిడుగురాళ్ళ కనపడదు కానీ, ఆ వైపు చూసింది.

"బాబూ," అంది చివరికి, "తలుపుకి వాస్తు ఉంటది గానీ, పంపుకేముంటది? తలుపు ఇక్కడే రాయి. కుళాయి మాత్రం పెరటి వైపు ఇయ్యి."

ఇంజనీరు మళ్ళీ పుస్తకం తెరిచాడు. పటంలో తలుపు చుక్క ఒకటి, కుళాయి చుక్క వేరే ఒకటి పెట్టొచ్చా అని అడిగాడు. నేను అక్కడి నుంచే మా అమ్మాయికి కేక వేశాను. పెట్టొచ్చని గోడ అవతలి నుంచి కేక వచ్చింది. పెట్టాం. ఆయన రాసుకున్నాడు. వదిన ఆయనకు మజ్జిగ ఇచ్చింది, వెనక గుమ్మంలో నిలబడి.

మంగళవారం లిస్టు పైకి వెళ్ళింది. వానలకు ముందే పైపులు వచ్చాయి. మా వాకిట్లో కుళాయి తిప్పిన రోజున మా అత్త మొదటి బిందె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముని మనవరాలిని కాళ్ళ మీద వేసుకుని, ఆ నీళ్ళు కాచి, తల నుంచి కాళ్ళ దాకా రుద్ది రుద్ది పోసింది. ఆ పిల్ల కేకలు బొంబాయి దాకా వినపడి ఉంటాయి.

ఆ నెల్లోనే పిడుగురాళ్ళ వాళ్ళు పిల్లవాణ్ణి చూడటానికి వచ్చారు. వాళ్ళ దగ్గర వదిన పంపిన లింకు ఉంది. దాన్ని పట్టుకుని, దారి ఎవరినీ అడగకుండా, కారు చేను గట్టున ఆపి, పిడకల గోడ పక్కగా సరాసరి ఉత్తరం గుమ్మానికే వచ్చారు. వదిన ఎదురు చూస్తున్నది వీధి వైపు. గేదె అరిస్తే వెనక్కి పరుగెత్తింది. పట్టుచీరల అంచులు పట్టుకుని నలుగురు పెద్దవాళ్ళు మోకాళ్ళ దాకా పేడతో నిలబడి ఉన్నారు.

"కాళ్ళు కడుక్కోవాలమ్మా," అన్నారు.

వదిన గుమ్మంలోంచి పక్కకు జరిగి దారిచ్చింది. వాళ్ళను ఇల్లంతా దాటించి దక్షిణం వాకిట్లోకి తీసుకెళ్ళి కుళాయి తిప్పింది. వాళ్ళు ఒక్కొక్కళ్ళే కాళ్ళు కడుక్కున్నారు, చెప్పులు కడుక్కున్నారు, ముఖాలు కడుక్కున్నారు. కుళాయి పోస్తూనే ఉంది.

"మా ఊళ్ళో ఇంత ధార రాదు," అంది పిల్ల తల్లి, చేతులు దులుపుకుంటూ. "పిల్ల ఈడ సుఖపడుద్ది."

తలుపు సంగతి ఎవరూ అడగలేదు.